ఎడారిలో ఆదివారం

జూన్ 9, ఆదివారం

పోస్టు పెట్టేశాను. "ఎండల్లో దుబాయి వెళ్తున్నారా? పిల్లలతో ఇలా తిరగండి." పగలంతా మాల్‌లో ఉండండి, పెద్ద చేపల తొట్టిని బయట నిలబడి చూస్తే టికెట్ అక్కర్లేదు, పొద్దుగూకాక అబ్రా ఎక్కండి, అవతలి ఒడ్డున కరక్ చాయ్ తాగండి. అబ్రా అంటే ఊరి మధ్య సముద్రపు పాయను దాటించే చెక్క పడవ. దాన్ని నేను ఫోన్‌లో తప్ప చూడలేదు. నేను ఎక్కిన దూరపు బండి ఆదిలాబాద్ బస్సే, అదీ మా చిన్నాన్న కూతురి పెళ్లికి.

అరుణ్‌కుమార్ తన ట్రావెల్స్ ఆఫీసులో నాకీ పని ఇచ్చింది నా డిగ్రీ చూసి కాదు. "బావ ఆడనే ఉంటడు గదక్కా. నువ్వు రాస్తే జనం నమ్ముతరు" అన్నాడు. పేజీకి 'ఎడారిలో ఆదివారం' అని పేరు కూడా తనే పెట్టాడు. కరీంనగర్ నుంచి టూర్ పోయేవాళ్లు, అక్కడ పని చేసుకునే మనవాళ్లు చదువుతారట. నేను ఇంటర్నెట్‌లో వెతికి రాస్తాను. ఆదివారం మా ఆయన ఫోన్ చేసినప్పుడు అడుగుతాను. పోయినవా? పోయిన. ఎట్లుంది? మంచిగుంది. అంతే, కింద "మావాళ్లు వెళ్లి చూసి చెప్పింది" అని ఒక వాక్యం చేరుస్తాను.

ఆ మావాళ్లు అంటే ఆయనొక్కడే. వెళ్లి మూడేళ్లు దాటింది. ఈ దసరాకు వస్తానన్నాడు. కిందటి దసరాకూ అన్నాడు. నాకు బంగారం వద్దు, పెద్ద టీవీ వద్దు, మనిషి వస్తే చాలు. ఈ మాట ఫోన్‌లో అంటే "ఫికర్ చెయ్యకు, వస్త" అంటాడు. అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను.


జూన్ 16, ఆదివారం

ఆయన మాట్లాడుతుంటే వెనుక మేకలు అరిచాయి. "ఇయ్యాల ఈడ బక్రీద్ గద" అన్నాడు. అవును కదా.


జూన్ 23, ఆదివారం

నవ్య డ్యామ్‌కు పోదామని పొద్దున్నుంచి ఒకటే సతాయింపు. దాని క్లాసులో అందరూ పోయి వచ్చారట, మక్క కంకులు తిన్నారట, కేబుల్ బ్రిడ్జి మీద ఫోటోలు దిగారట. తొమ్మిదేళ్ల పిల్ల అడిగేది అంతకంటే ఏముంటుంది? అత్తమ్మ గడప మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతూ తల ఎత్తకుండానే అంది:

"మొగడు దుబాయిల ఉన్నదానివి, సోకు చేసుకొని డ్యామ్ పొంట తిరిగితె వాడకట్టోళ్లు ఏమంటరు? నాగరాజు వచ్చినంక ముగ్గురు కలిసి పోండ్రి."

కమలవ్వ చెడ్డది కాదు. నా అత్త అని చెప్పడం లేదు, నిజంగానే కాదు. ఈ వాడలో దుబాయివాళ్ల ఆడవాళ్లందరికీ ఇదే మాట. గుడికి పోవచ్చు, దవాఖానకు పోవచ్చు, బ్యాంకుకు పోవచ్చు. గాలికి మాత్రం పోకూడదు. నవ్య ఏడ్చి పడుకుంది. నేను కూర్చుని "వారాంతంలో కుటుంబంతో గడపడానికి చల్లని చోట్లు" రాశాను.


జూలై 7, ఆదివారం

ఈ వారం ఎడారి సఫారి. ఇంటర్నెట్ నిండా ఒకే రకం ఫోటోలు, ఒకే రకం మాటలు. విసుగొచ్చి ఆయన్ను అడిగాను, సాయంత్రం పూట ఇసుకలో ఎట్లుంటది అని. ఎప్పుడూ రెండు ముక్కలు మాట్లాడే మనిషి ఆగకుండా చెప్పాడు.

"పొద్దుగూకినంక పైన ఇసుక జల్ది సల్లవడ్తది. కాలు లోపటికి పోతె మాత్రం ఇంక ఉడుకుంటది. గాలి లేస్తె రుమాలు మూతికి కట్టుకోవాలె, లేకుంటె పండ్లల్ల ఇసుకనే. కానీ మమతా, చుక్కలు సూడాలె. మన దిక్కు గన్ని చుక్కలు లేవు."

అలాగే రాశాను, నా రాత కలపకుండా. ఇప్పటి దాకా పెట్టినవాటిలో దీనికే ఎక్కువ మంది లైకులు కొట్టారు. అరుణ్ ఆఫీసులో అందరికీ చదివి వినిపించాడు. నాకు సంతోషం కలగలేదు, ఒళ్లు మండింది. సఫారీకి పోవడానికి సెలవు దొరుకుతుంది, చుక్కలు చూస్తూ కూర్చోవడానికి తీరిక దొరుకుతుంది, ఇంటికి రావడానికి మాత్రం లీవు దొరకదు. ఇక్కడ మేం ముగ్గురం ఆడవాళ్లం ఒక డ్యామ్ చూడలేకపోతున్నాం.


జూలై 28, ఆదివారం

మళ్లీ మేకలు. బక్రీద్ పోయి నెల దాటింది. అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెబుతాడు, నేను ఏదో ఒకటి నమ్మాలి. అంత ఓపిక లేదు.


ఆగస్టు 18

ఫోటో పంపమంటే కెమెరా పగిలిందన్నాడు. ఫోన్ పగల్లేదట, కెమెరా మాత్రమే పగిలిందట.


సెప్టెంబర్ 8, ఆదివారం

పేపర్లో వచ్చింది, దుబాయిలో క్షమాభిక్ష మొదలైందని. వీసా అయిపోయినవాళ్లు, కంపెనీ వదిలేసి దొంగచాటుగా పని చేసుకునేవాళ్లు జరిమానా లేకుండా ఇంటికి రావచ్చు. అక్కడ మనవాళ్లు అలాంటి మనిషిని ఖల్లివల్లి అంటారు. అరుణ్ దీని మీద ఒక పోస్టు రాయమన్నాడు. రాశాను. ఎక్కడికి పోవాలి, పాస్‌పోర్టు లేనివాళ్లకు దాని బదులు ఔట్‌పాస్ ఎలా ఇస్తారు, టికెట్ ఎవరు కొనుక్కోవాలి, అన్నీ. మనకు సంబంధం లేని విషయమైనా పుణ్యం వస్తుంది.

మాటల మధ్యలో ఆయనకు చెప్పాను.

"ఎప్పటిదాంక ఉన్నది?" అన్నాడు.

"ఎవలకోసం?"

"మా రూంల ఒకడున్నడు."


అక్టోబర్ 3

సరళాదేవి మేడం ఆఫీసుకొచ్చారు. ఆమె, వాళ్లాయన దయాకర్‌రావు గారు, దసరా అయ్యాక దుబాయి పోతున్నారు. నా పోస్టులన్నీ ఫోన్‌లో దాచిపెట్టుకున్నారట. "నువ్వు రాసినట్టే తిరుగుతం మమతా, ఒక్కటి గూడ విడిచిపెట్టం" అన్నారు. పెద్ద రైతు కుటుంబం, ఊళ్లో రెండు బట్టల షాపులు ఉన్నాయి. అయినా మర్యాద గల మనిషి. ఆ ధైర్యంతోనే నోరు తెరిచి అడిగాను, మా ఆయనకు చిన్న మూట తీసుకుపోతారా అని. ఇక్కడ అడగనివాళ్లెవరు? దుబాయికి ఎవరు పోతున్నారని తెలిసినా నాలుగిళ్ల నుంచి మూటలు వస్తాయి. మేడం నవ్వి, "తెచ్చియ్యి, హోటల్‌కొచ్చి తీస్కపొమ్మను" అన్నారు.

అత్తమ్మ అప్పుడే పిండి విసరడానికి బయల్దేరింది. సకినాలు, నువ్వుల ముద్దలు, మామిడికాయ తొక్కు.

ఆయనకు చెబితే, "వద్దు, పంపకు" అన్నాడు. "ఈడ అన్ని దొరుకుతయ్. ఊకె ఆళ్లను పరేషాన్ చేసుడెందుకు?"

తొక్కు వద్దన్న దుబాయి మనిషిని నేనింతవరకు చూడలేదు. అత్తమ్మతో ఈ మాట అనలేదు. "మస్తు సంబురపడ్డడు" అన్నాను.


అక్టోబర్ 10, సద్దుల బతుకమ్మ

రావడం లేదు. లీవు దొరకలేదట.


అక్టోబర్ 17

సరళాదేవి మేడం అక్కడి నుంచి ఫోన్ చేశారు. మొదట నా పోస్టు గురించి. "అబ్రా మంచిగుంది, చేపలు మంచిగున్నయి. గానీ మమతా, నువ్వు రాసిన చాయ్ దుకాణం ఏడున్నది? గల్లీలన్ని తిరిగినం. ఆడ ఫోన్ల షాపున్నది. అది వెట్టి రెండేండ్లయిందట."

ఆ చాయ్ దుకాణం ఇంటర్నెట్‌లోది కాదు. ఆయన చెప్పింది. పోయిన నెల కూడా తాగానన్నాడు.

తర్వాత నెమ్మదిగా అన్నారు, "మీ ఆయన నిన్న వస్తనన్నడు, రాలే. ఇయ్యాల ఫోన్ ఎత్తుతలేడు. పనిల ఉన్నడేమో." ఆమె గొంతులో జాలి ఉంది. అది తెలియకూడదని జాగ్రత్తపడ్డారు కానీ వినపడింది.


అక్టోబర్ 21

మూట వెనక్కి వచ్చింది. మేడం స్వయంగా ఆఫీసుకు తెచ్చి నా టేబుల్ కింద పెట్టారు, నలుగురి ముందు ఇవ్వకుండా. అత్తమ్మ కట్టిన ముడి అలాగే ఉంది. దాన్ని అక్కడే ఉంచి ఇంటికొచ్చాను.

ఇంట్లో అత్తమ్మ చెప్పులు విప్పనివ్వలేదు. "ముట్టిందా?"

"ముట్టింది."

"సకినాలు ఇరిగినయా?"

"ఇరగలేదంట."

ముసలామె మొహం వెలిగిపోయింది. నేను స్నానం వంక పెట్టి లోపలికి పోయి కాసేపు నల్లా విప్పి నిలబడ్డాను. నాకు భయంగా ఉంది. ఇన్నాళ్లూ ఉన్నది అనుమానం కాదు, భయమే. మరో ఆడది ఉందేమో అని కూడా అనుకున్నాను. అదే అయితే బాగుండునని కూడా అనుకున్నాను, మనిషి క్షేమంగా ఉంటాడు కదా అని.


అక్టోబర్ 22

లంచ్ టైంలో ఆఫీసు మేడ మీదకు పోయి ఫోన్ చేశాను. ఎత్తేదాకా చేశాను.

"ఎక్కడున్నవ్?"

"డ్యూటీల..."

"మేకలు అర్వంగ ఏం డ్యూటీ? నవ్య మీద ఒట్టేసి చెప్పు."

మేకలే అరిచాయి ముందు. తర్వాత ఆయన చెప్పాడు.

కంపెనీ కిందటేడు ఎండాకాలమే మూతపడింది. జీతాలు ఇవ్వలేదు, పాస్‌పోర్టులు ఇవ్వలేదు. ఒక దోస్తు తోట పని ఉందని దుబాయికి దూరంగా, అల్ ఐన్ ఊరి అవతలి ఎడారికి తోలుకుపోయాడు. తోట లేదు. గొర్లు, మేకలు, రెండు ఒంటెలు, ఒక రేకుల గది. కాగితాలు లేవు కాబట్టి రోడ్డెక్కితే పట్టుకుంటారని భయం. ఫోన్ చార్జింగ్ కూడా గడ్డి తెచ్చే బండి వచ్చినప్పుడే.

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వు పోయినవా అని అడుగుతవు గద. పోలేదంటె నువ్వేం రాస్తవు?"

నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. ఫోన్ పెట్టేశాను. ఇంటికొచ్చి బట్టలన్నీ ఉతికాను, నిన్న ఉతికినవి కూడా. అత్తమ్మ వింతగా చూసింది. ఇసుక జల్ది చల్లబడుతుందని, లోపల ఉడుకుంటుందని చెప్పాడే, అది సఫారీ కాదు. ఆయన పడుకునే చోటు. దానికి నేను ఎర్రటి గుండె గుర్తులు పెట్టి పోస్టు చేశాను.


అక్టోబర్ 23

అరుణ్‌తో చెప్పాను, ఇకనుంచి "మావాళ్లు వెళ్లి చూసి చెప్పింది" అని రాయనని. ఎందుకక్కా అన్నాడు. ఊరికే అన్నాను.


అక్టోబర్ 27, ఆదివారం

నవ్యను డ్యామ్‌కు తీసుకుపోయాను. అత్తమ్మ ఏదో అనబోయి నా మొహం చూసి ఊరుకుంది. ఆఫీసులో దాచిన మూటలోని సకినాలు అక్కడే కూర్చుని తిన్నాం. నీళ్లు నిండుగా ఉన్నాయి. నవ్య గట్టు మీద అటూ ఇటూ పరుగెత్తింది, నేను ఊరికే కూర్చున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరైనా చూశారో లేదో కూడా తెలియదు.

అక్కడి నుంచే ఆయనకు ఫోన్ చేశాను. క్షమాభిక్షకు పొమ్మన్నాను. రానన్నాడు.

"ఏం మొకం పెట్టుకొని రావాలె? ఒట్టి చేతులతోని వస్తె అవ్వ ఏమనుకుంటది? నల్గురు ఏమనుకుంటరు?"

"అత్తమ్మకు లీవు మీద వచ్చిండని చెప్తం. నల్గురికి గూడ గదే చెప్తం. ముందుగాల నువ్వు రా."

"గంత పెద్ద పట్నంల ఎటు పోవాల్నో నాకెరుక లేదు మమతా. నేను సూసిందేంది? క్యాంపు, సైటు, గాడికెళ్లి ఈడికి."

ఇది విని నాకు నవ్వొచ్చింది. ఏడుపు కూడా వచ్చింది. కానీ నవ్వే ముందు వచ్చింది.


నవంబర్ 3, ఆదివారం

నాలుగు రోజులు కూర్చున్నాను దీని మీద. ఏ పోస్టుకూ ఇంత వెతకలేదు. బస్సుల వేళలు చూశాను, వీధుల ఫోటోలు ఒక్కొక్కటి జరుపుతూ చూశాను, పేజీ చదివేవాళ్లలో అక్కడ డ్రైవర్‌గా చేసే ఒకతన్ని అడిగి సరిచూసుకున్నాను. రాస్తే చదవడానికి చార్జింగ్ ఉండదేమోనని నోటితో చెప్పి పంపాను.

"గడ్డి బండిల అల్ ఐన్ బస్టాండు కాడ దిగు. దుబాయి బస్సెక్కు. ఆఖరి స్టాప్‌ల దిగాలె, నడుమ దిగకు. ఎవలన్న ఆపితె భయపడకు, క్షమాభిక్షకు పోతున్నని చెప్పు, ఇప్పుడు పట్టుకోరు. దిగినంక ఎడమ దిక్కు నడిస్తె నీళ్లు కనవడ్తయ్. గాడ నీడ ఉంటది, బెంచీలుంటయ్, జర కూసో. పక్క గల్లీల పరోటా, చాయ్ దొరుకుతయ్. తినే పో. కాన్సులేట్ కాడ లైన్ పెద్దగుంటది, ఒట్టి కడుపుతోని నిలవడకు. ఔట్‌పాస్ కాగితం చేతికొచ్చినంక అవీర్‌ల క్షమాభిక్ష ఆఫీసుకు పోవాలె, గా బస్సు నంబరు మళ్ల చెప్త. టికెట్ అరుణ్ పంపుతడు, మాట్లాడిన."

జీవితంలో ఎన్నడూ చూడని ఊళ్లో, ఎన్నడూ చూడని బెంచీ మీద మొగుణ్ని కూర్చోబెట్టాను. తప్పు చెప్పి ఉంటే? ఆ చాయ్ దుకాణంలా అక్కడ ఏమీ లేకపోతే?


నవంబర్ 6

ఫోన్ లేదు.


నవంబర్ 7

లేదు.


నవంబర్ 8

ఫోటో వచ్చింది. కెమెరా పగల్లేదు.

ఎవరో తీసి పెట్టారు. పడవలో కూర్చుని ఉన్నాడు, మెడకు రుమాలు. గడ్డం తెల్లబడింది. మూడేళ్లకు అంత తెల్లబడుతుందా? వెనుక నీళ్లు, భవనాలు. కింద వాయిస్ మెసేజ్: "కాగితం ఇచ్చిన్రు. లైన్‌ల ఒకాయన చెప్పిండు, ఒక్క దిర్హంకు పడవెక్కొచ్చని. ఎక్కిన. మస్తు గాలున్నది మమతా. నువ్వు రాసింది నిజమే."

ఎన్నిసార్లు విన్నానో రాయను.


నవంబర్ 22

వచ్చాడు. బస్టాండులో నవ్య గుర్తుపట్టలేదు. నేను చెయ్యి పట్టుకోబోయి చుట్టూ జనాన్ని చూసి సంచి పట్టుకున్నాను. సంచిలో ఏమీ లేదు, తేలిగ్గా ఉంది. దారిలో షాపు ముందు ఆపి చాక్లెట్లు, సబ్బులు, సెంటు సీసా కొన్నాను. దుబాయి నుంచి వచ్చినవాడి సంచిలో ఇవి లేకపోతే ఇంట్లోకి అడుగు పెట్టకముందే కథ తెలిసిపోతుంది. అత్తమ్మ దిష్టి తీసి, ఎన్ని రోజుల లీవు అంది. "మస్తున్నది అవ్వా" అన్నాడు.

పడుకుంటే లేవలేదు. నిద్రలో ఒకసారి దేన్నో అదిలించాడు.


నవంబర్ 24, ఆదివారం

ఇది ఈ రాత్రే రాసిపెట్టాలి.

పొద్దున్నుంచి వాడకట్టంతా వచ్చిపోతోంది. సాయంత్రం పక్కింటి రాయమల్లు మామ కుర్చీ వేసుకుని వాకిట్లో కూర్చున్నాడు. "దుబాయి ముచ్చట్లు చెప్పు అల్లుడా" అన్నాడు. నేను లోపల చాయ్ పెడుతున్నాను. ఆయన మొదలుపెట్టాడు. మాల్‌లో చేపల తొట్టి, బయట నిలబడి చూస్తే టికెట్ అక్కర్లేదు. పొద్దుగూకినంక అబ్రా. అవతలి ఒడ్డున కరక్ చాయ్. రంగుల ఫౌంటెన్‌కు ముందే పోయి ఎక్కడ నిలబడాలి, శుక్రవారం బిర్యానీ ఎక్కడ తినాలి.

జూన్ పోస్టు అయిపోయింది, ఆగస్టు పోస్టులోకి వచ్చాడు. ఒక్క మాట తప్పు పోలేదు. ఆ రేకుల గదిలో ఉన్న కాస్త చార్జింగ్‌తో నా పోస్టులన్నీ చదివి ఉంటాడు. అత్తమ్మ గడప మీద కూర్చుని మురిసిపోతోంది. "మా నాగరాజు సూడంది లేదు" అంది. నాకు కోపం రాలేదు. చెప్పుకోనీ అనుకున్నాను. మనిషి తెచ్చుకున్నది ఆ మాటలే.

అప్పుడు రాయమల్లు మామ అన్నాడు, "మా సాయిచంద్‌కు గూడ వీసా వచ్చిందిరా. వచ్చే వారమే పోవుడు. తోట పనట, సల్లగ చెట్ల కింద పని. నువ్వు చెప్పిన జాగలన్ని వానికి జర రాసియ్యరాదు?"

ఆయన తలుపు వైపు తిరిగాడు.

నేను గ్లాసులు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. నా వైపు చూశాడు. ఒక్క నవ్వు నవ్వి "నేను రాసిస్త మామా" అంటే సరిపోయేది. అలాంటివి రాయడమే నా పని. అనలేదు. అలాగని నిజం చెప్పమని సైగా చేయలేదు. ఈ ఇంట్లో అబద్ధం పెట్టింది నేనూ కదా, లీవు అని.

"మామా" అన్నాడు, "నేను గివన్ని సూడలే. గవి మమత రాసినయ్. నన్ను గూడ తోట పనే అని తోల్కపోయిన్రు. ఏడాదిన్నర గొర్లు కాసిన. ఔట్‌పాస్ మీద వచ్చిన, లీవు కాదు. మల్ల పోయేది లేదు. సాయిచంద్‌ను పంపకు."

రాయమల్లు మామ లేచి, ఆయన భుజం మీద చెయ్యి వేసి, వాళ్లింటికి పోయాడు. కొడుకును గట్టిగా పిలవడం వినపడింది.

నేను అత్తమ్మ వైపు చూడలేకపోయాను. ఏడుస్తుందనుకున్నాను, నాకెందుకు చెప్పలేదని తిడుతుందనుకున్నాను. వాడకట్టులో పరువు పోయిందంటుందనుకున్నాను. ఆమె గడప మీది నుంచి లేచి వచ్చి ఆయన పక్కన కింద కూర్చుంది.

"మరి ఏం తిన్నవు కొడుకా ఇన్నొద్దులు?"

"రొట్టె అవ్వా. ఉల్లిగడ్డ. ఎప్పుడన్న పప్పు."

"ఉడుకుడుకుగ పెట్టిండ్రా?"

ఆయన తల దించుకున్నాడు, భుజాలు కదిలాయి. నేను లోపలికి పోయి బియ్యం కడిగి స్టవ్ వెలిగించాను.